కల్తీ లేని కరెంటు

ఆ ఆదివారం పొద్దున కాశీవిశ్వనాథం మంచం దిగుతూనే ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. మొహం కడుక్కోవడం ఆ తర్వాత.

"ఏమండీ, అందులో ఇడ్లీ పిండి ఉంది!" అని వంటింట్లోంచి అరిచింది సత్యలక్ష్మి.

"ఉండనీవే. పిండికి ఓ పూట చలవ లేకపోతే కొంపలేం మునగవు. ఆ ఫ్రిజ్ నడిచిందంటే పిల్ల కొంప మునుగుతుంది."

పిల్ల అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మనోజ్ఞ. కొన్నేళ్ళుగా పేరున్న సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయిస్తోంది. తాను కట్టిన బాణీలు వాళ్ళ పేర్ల మీద తెరకెక్కుతుంటే, ఫంక్షన్లలో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వస్తోంది. ఇన్నాళ్ళకి వెంకటరామయ్య అనే నిర్మాత తన కొత్త సినిమా కోసం ఆమె సొంత పాట ఒకటి వింటానన్నాడు. పదకొండింటికి తనే ఇంటికొస్తానన్నాడు. నచ్చితే సినిమా మొత్తానికి సంగీతం మనోజ్ఞదే. నచ్చకపోతే ఇక ఈ పాటల గొడవ వదిలేసి గచ్చిబౌలిలో ఏదో ఒక కంపెనీలో చేరిపోతానని తల్లికి మాటిచ్చేసింది. అందుకని ఆ ఇంట్లో ముగ్గురికీ రాత్రి సరిగ్గా నిద్రలేదు.

కాశీవిశ్వనాథం సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేసి చేసి రిటైరైన మనిషి. సొంతూరు తెనాలి. ఇల్లు ఫిల్మ్ నగర్‌లో. ఎవరైనా అడిగితే మాత్రం జూబ్లీ హిల్స్ అంటాడు. ఆయన చెవులు సామాన్యమైన చెవులు కావు. పక్కవీధిలో ఎవరింట్లో మిక్సీ జార్ అరిగిపోయిందో మంచం మీద నుంచే చెప్పగలడు. భార్య చెప్పిన సరుకుల పేర్లు మాత్రం ఆ చెవులకి ఏనాడూ వినబడలేదు.

మేడ మీద గదిలో ఆయన మనిషెత్తు స్పీకర్లు రెండు పెట్టుకున్నాడు. వాటి మధ్య కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావలసిన ఆంప్లిఫయరూ, దాని నెత్తిన అరచేయంత డబ్బా ఒకటీ ఉన్నాయి. ఆ డబ్బాని 'డాక్' అంటారు. కంప్యూటర్‌లో అంకెలుగా పడి ఉన్న పాటని చెవికి వినబడే పాటగా మార్చడం దాని పని. మంచి డబ్బానే గానీ కొత్త అల్లుడి బాపతు, మర్యాదలో ఏ కాస్త తేడా వచ్చినా అలిగి కూర్చుంటుంది. ఫ్రిజ్ మొదలైతే 'టప్' మంటుంది. బోరు మోటారు వేస్తే వోల్టేజీ పడిపోయి, ఎర్ర దీపం మిటకరించి, మళ్ళీ మనసు కుదుటపడేదాకా మూగనోము పడుతుంది. ఇవి చాలక వారం రోజులుగా పాట వెనకాల సన్నగా, ఎడతెగకుండా 'మ్‌మ్‌మ్' అని ఓ మోత వస్తోంది. దానికి ఆయన పెట్టిన పేరు హమ్. సత్యలక్ష్మి పెట్టిన పేరు మీ పిచ్చి.

"పాటలో లోపం లేదే, లోపమంతా కరెంటులో ఉంది," అన్నాడాయన, మేడ మీది చార్జర్లన్నీ ఒక్కొక్కటే పీకుతూ. "మనకొచ్చేది కరెంటా? వీధిలో ప్రతివాడూ ఎల్‌ఈడీ బల్బులూ, ఇండక్షన్ పొయ్యిలూ కడుక్కుని ఆ మురికంతా మళ్ళీ అదే తీగలోకి వదులుతున్నాడు. ఆ కల్తీ తాగి బతుకుతోంది నా డాక్."

"నాన్నా, లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించేద్దాం," అంది మనోజ్ఞ. "బ్యాటరీ మీద నడుస్తుంది. ఏ మోతా రాదు."

"ఏడ్చినట్టుంది. అంత పెద్దమనిషిని ఇంటికి పిలిచి చెవులకి డిప్పలు తగిలిస్తామా? నా కూతురి మొదటి పాట నా స్పీకర్లలోనే మోగాలి. నువ్వు నోరు మూసుకుని ఆ వైఫై డబ్బా కూడా ఆపెయ్."

కరెంటు బోర్డు మీద మేడ గదిది తప్ప మిగతా స్విచ్చులన్నీ ఆపేశారు. ఇన్వర్టర్ ఆపేశారు. కాలింగ్ బెల్లు తీగ కూడా పీకేశారు. పాట పెట్టగానే ఆయన చెయ్యెత్తి, "ఆపు, వచ్చింది," అన్నాడు. హమ్ చెక్కుచెదరలేదు.

అప్పుడు కిటికీలోంచి చూస్తే ఎదురింటి మోటారు నడుస్తోంది. ఆ ఇల్లు లీలాకుమారిది. ఆవిడ కాలనీ సంఘానికి అధ్యక్షురాలు. వీధిలో ఎవరింటికి ఏ కొరియర్ వచ్చిందో వాళ్ళకంటే ముందే తెలిసిన మనిషి. రెండిళ్ళకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. కాశీవిశ్వనాథం చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు.

"లీలాకుమారి గారూ, పదకొండింటికి ఓ గంట మీ ఏసీలూ, మోటారూ, ఆ మెట్ల మీది రంగు దీపాలూ ఆపగలరా అండీ?"

"ఎందుకండీ?"

"మా ఇంటికి సినిమావాళ్ళు వస్తున్నారు."

ఆవిడ కళ్ళు మెరిశాయి. "షూటింగా?"

"అబ్బెబ్బే, షూటింగ్ కాదండీ. ఊరికే ఒక పాట."

"సాంగా!" అంది ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని. "హీరో ఎవరు?"

"హీరో ఎవరూ లేరండీ. అసలు షూటింగే కాదంటుంటే!"

ఫిల్మ్ నగర్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా షూటింగ్ ఉందంటే ఒక్కడూ తలెత్తి చూడడు. ఏ సీరియలో అనుకుని తన దారిన తాను పోతాడు. షూటింగ్ లేదని ఎవరైనా గట్టిగా చెబితే మాత్రం పెద్ద హీరో వస్తున్నాడని లెక్క. కాశీవిశ్వనాథం ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి కూడా ఆ మాట మరిచిపోయి, ఇంకో రెండుసార్లు గట్టిగా చెప్పి మరీ ఇంటికొచ్చాడు. పాపం, ఆయన ధ్యాసంతా కరెంటు మీదే ఉంది.

ఇంటికొచ్చి పాట పెడితే హమ్ రెట్టింపయింది. ఎదురింట్లో లీలాకుమారి మోటారు ఆపలేదు సరిగదా, పట్టుచీరకి ఇస్త్రీ పెట్టింది. తలకి హెయిర్ డ్రయర్ కూడా పెట్టింది.

"చూశావా! ఇది మామూలు మురికి కాదు, సబ్బు నురగతో సహా వస్తోంది!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగి, "సత్యా, నా ఫోనేదీ?" అన్నాడు.

తిరుమలేశ్‌కి కృష్ణానగర్‌లో సినిమా షూటింగులకి అద్దెకిచ్చే జనరేటర్ వ్యాన్ ఉంది. మైకులో మాటలు పడేటప్పుడు చప్పుడు రాకూడదని కట్టించిన సైలెంట్ జనరేటర్ అది. దాని కరెంటులో ఇరుగుపొరుగు ఎంగిలి ఉండదు. కాశీవిశ్వనాథం పని చేసిన రోజుల నుంచీ ఇద్దరికీ పరిచయం.

"నమస్తే సార్! ఏం షూటింగ్ సార్?" అన్నాడు తిరుమలేశ్.

"షూటింగ్ కాదయ్యా. మా ఇంట్లో ఒక పాట ఉంది. కరెంటు శుభ్రంగా కావాలి."

"పాటకు జనరేటర్ అంటే సాంగ్ షూటే గద సార్."

"కాదని చెప్తున్నానా? ఎవరికీ చెప్పకు. జనం పోగైతే నా పని పాడవుతుంది."

"సమజైంది సార్," అన్నాడు తిరుమలేశ్ గొంతు తగ్గించి. "జర ఫికర్ చేయకుండ్రి. నా నోట్లకెల్లి ఒక్క మాట పోదు."

మాట నిలబెట్టుకున్నాడు పాపం. ఎవరడిగినా, "గాడ షూటింగ్ ఏం లేదు భాయ్, విశ్వనాథం సార్ ఎవ్వరికీ చెప్పొద్దన్నడు," అని మాత్రమే చెప్పాడు. కృష్ణానగర్ సందుల్లో ఆ ముక్క నిప్పులా పాకిపోయింది. అక్కడ గదుల్లో అద్దెకుండే డాన్సర్లకి, జూనియర్ ఆర్టిస్టులకి ఆదివారం పూట పని దొరకడమే గగనం.

పదింటికి వ్యాన్ వచ్చింది. వీధికి అడ్డంగా ఏనుగు నిలబడ్డట్టు నిలబడింది. తిరుమలేశ్ నల్ల కేబుల్ లాక్కుంటూ గేటు దాకా వచ్చాడో లేదో, వెనకాలే బైకుల మీద, ఆటోల్లో అమ్మాయిలూ అబ్బాయిలూ దిగడం మొదలుపెట్టారు. అందరి చేతుల్లోనూ మేకప్ బ్యాగులే.

"సార్, డ్రెస్సులు ఏ కలర్?" అని అడిగిందో అమ్మాయి.

"ఏం డ్రెస్సులమ్మా? ఇక్కడ షూటింగ్ లేదు!"

"అవ్ సార్, తెలుసు," అని ఆమె కన్ను గీటి, పక్కకి తిరిగి, "మస్తు సీక్రెట్ ఉందే," అంది స్నేహితురాలితో. వాళ్ళు వీధిలోనే ఒళ్ళు విరుచుకుని కాళ్ళూ చేతులూ సాగదీయడం మొదలుపెట్టారు.

లీలాకుమారి పట్టుచీరలో, నగలతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా వరండా కూడా వాడుకోవచ్చని కబురు పెట్టింది. తన వెనక అంతా వెలుతురుగా కనబడాలని ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేయించింది. మేడ మీద డాక్ ఎర్ర దీపం ఒకసారి మిటకరించి ఆరిపోయింది.

సత్యలక్ష్మి మేడ మెట్ల మీద నుంచి వీధి చూసి గతుక్కుమంది. ఎండలో నిలబడ్డ పిల్లలు మరి. ఆవిడ మనసు ఆగలేదు. కుండెడు ఉప్మా కలిపి, కాఫీ డికాక్షన్ వేసింది.

"నీకు మతి పోయిందా? ఉప్మా పెట్టావంటే నిజంగానే షూటింగ్ అనుకుంటారు!"

"షూటింగ్ లేదని మీరు చెప్పారు, బాగానే ఉంది. ఆకలి లేదని వాళ్ళెవరూ చెప్పలేదుగా. తప్పుకోండి."

ఉప్మా రావడంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఇది పెద్ద బ్యానరే అని అందరూ తీర్మానించుకున్నారు. ఎవరో ముంబై హీరోయిన్ లోపల మేకప్ వేసుకుంటోందన్నారు. ఆ పుకారు షేక్‌పేట దాకా పోయి, అక్కడి నుంచి మరో పాతికమంది జనాన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక కానిస్టేబుల్ కూడా వచ్చాడు.

"పర్మిషన్ చూపెట్టుండ్రి సార్."

"షూటింగ్ కాదు బాబూ. మేడ మీద కూర్చుని ఒక పాట వింటాం, అంతే."

కానిస్టేబుల్ వ్యాన్ వైపు చూశాడు, డాన్సర్ల వైపు చూశాడు, ఉప్మా ప్లేట్ల వైపు చూశాడు. "పాట వినేతందుకు గింత జనరేటరా? నాకు చెవుల పువ్వు వెడ్తున్రా సార్? పర్మిషన్ కాగితం చేతికొచ్చేదాక బండి స్టార్ట్ చేసేది లేదు." అని వ్యాన్ తాళం చెవి తీసి జేబులో వేసుకుని, తనూ ఒక ప్లేటు అందుకున్నాడు.

కాశీవిశ్వనాథం మేడెక్కాడు. పదకొండు కావస్తోంది. ఇంట్లో కరెంటు మురికి, వీధిలో కరెంటుకి తాళం. మేడ మీద మనోజ్ఞ లాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పిల్ల మొహం చూసేసరికి ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. నా చాదస్తంతో దాని బతుకు తగలబెట్టానురా భగవంతుడా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వెంకటరామయ్య కారు వీధి మొదట్లో ఇరుక్కుపోయింది. జూబ్లీ హిల్స్‌లో తన ఇంటి గేటు నుంచి గుమ్మం దాకా కూడా కారులోనే వెళ్ళే మనిషి ఆయన. డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా ఒక్కరూ కదలకపోవడంతో కారు దిగి, చెమటలు తుడుచుకుంటూ నడిచొచ్చాడు. దారిలో ఒక డాన్సర్‌ని ఆపి అడిగాడు.

"ఎవరి సినిమా అమ్మా ఇది?"

"తెల్వద్ సార్. బయటికి చెప్తలేరు. మస్తు పెద్ద బ్యానర్ అంట."

"మ్యూజిక్ ఎవరు?"

"గా ఇంట్ల ఉన్న మేడందే అంట సార్. పాట గిట్ల దుమ్ము లేపిందంట!"

వెంకటరామయ్య నడక అక్కడే ఆగిపోయింది. వ్యాన్ చూశాడు, కేబుల్ ఏ గేటులోకి పోతోందో చూశాడు. పట్టుచీరలో లీలాకుమారిని చూసి, ఎవరో పాతతరం కేరెక్టర్ ఆర్టిస్టు అనుకుని నమస్కారం కూడా పెట్టాడు. ఆవిడ జన్మ ధన్యమైంది.

కాశీవిశ్వనాథం ఎదురు పరిగెత్తాడు. "క్షమించండి వెంకటరామయ్య గారూ! ఇదంతా షూటింగ్ కాదు, ఒట్టు!"

"నా దగ్గర కూడా దాస్తారా విశ్వనాథం గారూ?" అన్నాడు నిర్మాత నొచ్చుకుంటూ. "ఏ బ్యానర్?"

"బ్యానరూ లేదు, బొంగూ లేదు! కరెంటు శుభ్రంగా ఉంటే మా పిల్ల పాట మీకు బాగా వినబడుతుందని జనరేటర్ తెప్పించాను."

వెంకటరామయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత మెల్లగా నవ్వి, భుజం మీద చెయ్యి వేశాడు. "పేరు బయటపెట్టొద్దని మాట తీసుకున్నారన్నమాట. పర్లేదు లెండి. ఇచ్చిన మాట కోసం ఇంత అన్యాయమైన అబద్ధం ఆడే మనిషిని నేనింతవరకూ చూడలేదు."

మనోజ్ఞ మెట్లు దిగొచ్చింది. "సార్, నాన్న చెప్పేది నిజం. నాకు ఏ సినిమా లేదు. మీరొక్కరే వింటానన్నారు."

"చూశారా, తండ్రికి తగ్గ కూతురు!" అని మెచ్చుకుని ఆయన ఫోన్ తీశాడు. "హలో, ఎవరు, పబ్లిసిటీయా? మన సినిమాకి మ్యూజిక్ మనోజ్ఞ. 'వెల్‌కమ్ ఆన్ బోర్డ్' పోస్టర్ ఇప్పుడే వదలండి. ఇంకొకళ్ళ పోస్టర్ ముందు పడిందంటే మీ ఉద్యోగాలు ఉండవు. ఫొటోనా? ఆ అమ్మాయి ఇన్‌స్టాలోంచి తీసుకోండయ్యా!"

సత్యలక్ష్మి ఉప్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మనోజ్ఞ తండ్రి వైపు చూసింది. నోరు తెరిచింది ఒక్క కాశీవిశ్వనాథమే.

"అలా కుదరదండీ. ముందు పాట వినండి. విన్నాక మాటివ్వండి."

వెనక నుంచి సత్యలక్ష్మి చొక్కా పట్టి లాగింది. ఆయన వదిలించుకున్నాడు. "వినకుండా ఎలా నచ్చుతుందండీ? ఒకవేళ నచ్చకపోతే?"

"విశ్వనాథం గారూ, వీధి నిండా ఇంత జనానికి నచ్చింది. నాకు నచ్చకపోవడానికి నేనెవర్ని?" అన్నాడు వెంకటరామయ్య. "డాన్సర్లు వచ్చేశాక పాట వినేదేముందండీ? రేపు ఆఫీసుకి రామ్మా, అగ్రిమెంటు రాసుకుందాం."

సత్యలక్ష్మి ఇచ్చిన కాఫీ తాగి ఆయన వెళ్ళిపోయాడు. కారు ఎక్కుతుండగా జనం చూశారు. నిర్మాతే వెళ్ళిపోతున్నాడంటే లొకేషన్ మారిందని అర్థం. షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర సెట్ వేశారట అని ఎవరో అన్నారు. మరుక్షణం బైకులూ ఆటోలూ ఆ కారు వెనకపడ్డాయి. కానిస్టేబుల్ కూడా తాళం చెవి తిరుమలేశ్ చేతిలో పడేసి, "గాడ పర్మిషన్ ఉందో లేదో," అనుకుంటూ బండెక్కాడు. లీలాకుమారి కూడా కారు తీయించింది. వీధిలో వ్యాన్ ఒక్కటే మిగిలింది.

కాశీవిశ్వనాథం గేటు పక్క అరుగు మీద కూలబడ్డాడు. కూతురికి సినిమా వచ్చింది. పోస్టర్ అప్పుడే ఫోన్లో మెరుస్తోంది కూడా. అయినా ఆయన చూపు గేటు దగ్గర పడున్న నల్ల కేబుల్ మీదికే పోతోంది. పక్కన మనోజ్ఞ కూర్చుంది. ఆ పిల్ల మొహంలోనూ పండగ కళ లేదు.

"ఏమ్మా, సంతోషంగా లేదూ?"

"ఉంది నాన్నా. కానీ ఎవరూ వినలేదుగా," అంది మనోజ్ఞ నెమ్మదిగా.

తిరుమలేశ్ దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు. "సార్, వ్యాన్ తెచ్చినం, కేబుల్ గుంజినం. ఒక్కసారన్న స్టార్ట్ చేయమంటరా, ఒద్దంటరా?"

స్టార్ట్ చెయ్యమని చెయ్యూపి, కాశీవిశ్వనాథం భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని మేడ ఎక్కాడు. వీధిలో జనరేటర్ మొదలైంది. డాక్ మీద పచ్చ దీపం నిలకడగా వెలిగింది. మనోజ్ఞ పాట పెట్టింది. కాశీవిశ్వనాథం అలవాటుగా చెయ్యెత్తి, చెవులు రిక్కించాడు. హమ్ లేదు. 'టప్' లేదు. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు, వెతకడానికి ఇంకేమీ మిగలక, ఆయన పాట విన్నాడు. పల్లవి మెట్టు మెట్టుగా ఎక్కి, చరణం దగ్గర ఉన్నట్టుండి ఒంటరిదైపోయింది. మనోజ్ఞే పాడింది. మాటకీ మాటకీ మధ్య పిల్ల తీసుకున్న ఊపిరి కూడా వినబడుతోంది. వారం రోజులుగా ఈ పాటని ఆయన ఎన్నిసార్లు పెట్టించాడో లెక్కలేదు. ప్రతిసారీ మోతే విన్నాడు తప్ప, పాట ఒక్కసారి కూడా వినలేదు. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకి సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, "ఎంత బాగా కట్టావే తల్లీ," అన్నాడు. మనోజ్ఞ తండ్రి భుజం మీద తల ఆన్చి భోరుమంది. ఆ ఏడుపులో వారం రోజుల కోపం కూడా ఉంది.

సత్యలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాట బాగుంది. కానీ ఒక్కటి చెప్పండి. ఇందాకటిదాకా మోత స్పీకర్లోంచి వచ్చేది, ఇప్పుడు మీ సైలెంట్ బండి పుణ్యమా అని కిటికీలోంచి వస్తోంది. దీనికేనా నా ఇడ్లీ పిండి పులియబెట్టారు?"

కాశీవిశ్వనాథం కిటికీ మూయడానికి లేచి, మళ్ళీ ఏమనుకున్నాడో కూర్చుండిపోయాడు. "ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు.

మర్నాటికల్లా ఈ కథ ఇండస్ట్రీ అంతా తిరిగింది. జనరేటర్ పెడితే సినిమా వస్తుందనే సంగతి మాత్రమే అందరికీ గుర్తుంది. వారం తిరక్కముందే ఫిల్మ్ నగర్‌లో మరో ముగ్గురు కొత్త సంగీత దర్శకుల ఇళ్ళ ముందు జనరేటర్ వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. ఒక్కదాని నుంచి కూడా ఇంట్లోకి కేబుల్ లాగలేదు.